పైరూమ్ మేడమ్ రెండో పేపరు

మెట్రో పిల్లరుకు వీపు ఆనించి, రెండు కాళ్ళూ బారజాపుకుని జంగయ్య పేపర్లు మడుస్తున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మిగతా పేపరువాళ్ళంతా బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. జంగయ్యకు ఆ భాగ్యం లేదు. మునుగోడు దగ్గరి ఊళ్ళో పుట్టి, పెళ్ళయ్యేదాకా అక్కడి ఫ్లోరైడు బోరు నీళ్ళే తాగినవాడు. ఆ నీళ్ళు అతని పళ్ళ మీద గోధుమరంగు చారలు గీసి, మోకాళ్ళను కొయ్యబార్చి పట్నానికి పంపించాయి. నడిస్తే కుడికాలు పక్కకు తిరుగుతుంది. చేతులు మాత్రం ఇంకా పడుచువాడివే. వేళ్ళ గీతల్లో సిరా ఎంతగా ఇంకిపోయిందంటే, అతను అన్నం కలుపుతుంటే భార్య కిష్టమ్మ ఇప్పటికీ మొహం అటు తిప్పుకుంటుంది.

అతనికొక పద్ధతి ఉంది. రెండు పేపర్లు వేయించుకునే ఇళ్ళను అతను జోడు ఇళ్ళు అంటాడు. తక్కినవాళ్ళు ఆ రెండింటినీ విడివిడిగా విసిరి పోతారు. జంగయ్య చిన్న పేపరును పెద్ద పేపరు పొట్టలో పెట్టి, రెండింటినీ ఒకటిగా చుట్టి, రబ్బరు బ్యాండు వేస్తాడు. చిన్న పేపరు పల్చన, గాలికి ఎగిరి పక్కింటి ముందు పడుతుందని అతని బాధ. అందుకే కట్టలు దిగగానే ముందు జోడు చుట్టలు తయారుచేసి మోపెడ్ ముందు సంచిలో సర్దేస్తాడు. ఆ తర్వాతే కోచింగ్ సెంటర్ల కరపత్రాలు, మిగతా ఇళ్ళ పేపర్లు. ఈ చాదస్తాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ మెచ్చుకోలేదు, అతనూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ రోజు జోడు చుట్టలు సంచిలోకి వెళ్ళిపోయాక తెల్ల కారు వచ్చి ఆగింది. శ్రీనివాస్ దిగాడు. ఇంకా తెలవారని ఆ వేళ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు ఎవడైనా సరే మంచి పని మీద రాడని జంగయ్య నమ్మకం.

"చిన్న పేపరు ఎవలెవల తాన ఉందో అంతా డిక్కీల పెట్టున్రి," అన్నాడు శ్రీనివాస్. "పైసలు పూరా ఇస్త. ఒక్కటి గూడ బైటికి పోవద్దు. ఎవరన్న అడిగితే రాలేదని చెప్పున్రి. ఎవరడిగిన్రో నాకు చెప్పున్రి."

ఎవరూ ఎందుకని అడగలేదు. శ్రీనివాస్ పెద్దసారు మనిషి. పెద్దసారు ఒకప్పుడు మంత్రి. ఇప్పుడు కొడుకు ఎమ్మెల్యే, కోడలు వ్యాపారం, కోడలి తమ్ముడు దుబాయ్. ఆ ఇంటి గురించి చిన్న పేపరు ఏదైనా రాసిన రోజున ఇలా కారు వస్తుంది. ఇంటింటికీ తిరగకుండానే సరుకంతా అమ్ముడుపోతుంది కదా, పేపరువాళ్ళకు అది చిన్న పండగే. పైగా మెట్రో పనులప్పుడు పోలీసులు వీళ్ళను ఫుట్‌పాత్ మీది నుంచి తరిమేస్తే, పెద్దసారే ఫోన్ చేసి మళ్ళీ కూర్చోబెట్టాడు. ఆ కృతజ్ఞత జంగయ్యకు నిజంగానే ఉంది. ఒక్క ఫోనుతో వచ్చిన చోటు ఒక్క ఫోనుతో పోతుందన్న భయం కూడా దాని పక్కనే ఉంది. తన కట్ట తనే మోసుకెళ్ళి డిక్కీలో పెట్టాడు.

చైతన్యపురిలో మొదటి జోడు ఇల్లు చక్రపాణిగారిది. కరెంటు ఆఫీసులో చేసి రిటైరై, ఇప్పుడు కాలనీ గ్రూపులో పొద్దుటి నుంచి రాత్రిదాకా ఏదో ఒకటి పంపుతూ కాలక్షేపం చేసే మనిషి. జంగయ్య మోపెడ్ ఆపకుండానే చుట్టను మొదటి అంతస్తు బాల్కనీలోకి విసిరాడు. చెయ్యి వదిలాక తెలిసింది, అది బరువుగా ఉందని. చిన్న పేపరు ఇంకా దాని పొట్టలోనే ఉంది.

బ్రేకు వేసి దిగాడు. గేటుకు లోపలి నుంచి తాళం ఉంది. పిలిస్తే చక్రపాణిగారు లేస్తారు. లేస్తే వందమందికి తెలుస్తుంది. కాసేపు అక్కడే నిలబడి బాల్కనీ వైపు చూసి, ఏమీ చెయ్యలేక బండి కదిలించాడు. సందు చివర ఆగి, మిగిలిన జోడు చుట్టలన్నింటినీ విప్పి చిన్న పేపర్లు బయటికి లాగాడు. లాగుతూ అటూ ఇటూ చూశాడు. వెనక ఎవడో హెల్మెట్ పెట్టుకుని బైక్ మీద కూర్చుని ఉన్నాడు. తనమీద కాపలా పెట్టారా? పాల బూత్ తెరుచుకోగానే ఆ మనిషి రెండు పాకెట్లు కొనుక్కుని వెళ్ళిపోయాడు. అయినా ఎల్బీనగర్ దాకా జంగయ్య అద్దంలో వెనక్కి చూసుకుంటూనే నడిపాడు.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఇందిరాదేవి ఇల్లు. పోచంపల్లి వాళ్ళు, కొత్తపేటలో చీరల దుకాణం. మూడంతస్తుల పైన ఒక్క గది కిరాయికి ఇచ్చారు. అందులో ఉండే అమ్మాయి పేరు జంగయ్యకు తెలియదు. బిల్లు మీద "పైరూమ్ మేడమ్" అని రాస్తాడు, అంతే. బెజవాడ వైపు మాట. అతని మోకాళ్ళు చూసిన రోజు నుంచి ఆమే కిందికి దిగివచ్చి గేటు దగ్గర పేపరు అందుకుంటుంది. అతన్ని "పేపర్" అని కాకుండా "బాబాయ్" అని పిలిచేది ఆ లైన్లో ఆమె ఒక్కతే.

ఆ రోజు ఇంకా ముందే వచ్చి నిలబడి ఉంది. చుట్ట చేతిలోకి తీసుకోగానే విప్పేసింది.

"రెండోది ఏదండి బాబాయ్?"

"రాలేదమ్మా."

"అసలు రాలేదా? ఎవరికీ రాలేదా?"

"ఎవరికి రాలే. మిషిన్ ఖరాబైందట."

ఆమె అతని మొహం చూసింది, తర్వాత బండి మీది సంచి చూసింది. సంచి మూతి మీద జంగయ్య చెయ్యి ఉంది. తీద్దామనుకున్నాడు గానీ తీస్తే ఇంకా అనుమానం వస్తుందని అలాగే ఉంచాడు.

"ఫోన్లో ఆ పేపరు తెరిస్తే, వార్త ఉండాల్సిన పేజీలో పెయింట్ల ప్రకటన వస్తోంది బాబాయ్. రాత్రి అచ్చుకెళ్ళింది అది కాదు. మా వాళ్ళెవరూ ఫోనెత్తట్లేదు. ఎక్కడైనా ఒక్క కాపీ ఉంటే ఇప్పించండి, మీకు పుణ్యముంటుంది."

అచ్చుకెళ్ళింది ఏదో ఈమెకెలా తెలుసు? "మా వాళ్ళు" అంటే ఎవరు? ఎవరడిగారో చెప్పమన్న శ్రీనివాస్, తనను పరీక్షించడానికి ఈమె చేతే అడిగిస్తున్నాడేమో. ఆ ఆలోచన రాగానే జంగయ్య గొంతు గట్టిపడింది.

"లేదంటే లేదమ్మా. జర పోనియ్యున్రి, లేటైతుంది."

ఆమె గేటు వేసి, మెట్లెక్కి పోయింది. కర్ఫ్యూ రోజుల్లో, లాక్‌డౌన్‌లో కూడా ఇంటికి పేపరు చేర్చిన మనిషి జంగయ్య. వచ్చిన పేపరును రాలేదని చెప్పడం అతనికి ఇదే మొదటిసారి. అది ఎక్కడో గుచ్చుకుంది. మలుపు తిరిగాక సంచిలోని చిన్న పేపర్లలో ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి బనీనులోకి దోపుకున్నాడు. గొడవ చల్లారాక సాయంత్రం ఇచ్చేస్తే సరిపోతుంది అనుకున్నాడు.

ఎండెక్కాక శ్రీనివాస్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తపేటలో టిఫిన్ సెంటర్ పైన ఆఫీసు. గోడ మీద పెద్దసారు, చిన్నసారు నవ్వుతున్నారు. జంగయ్య సంచిలోని చిన్న పేపర్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"జోడుల ఉండిపోయినయి శీనన్నా. చూస్కొని తీసిన. అన్ని తెచ్చిన," అన్నాడు. శ్రీనివాస్ వయసులో చిన్నవాడే. ఆ ఆఫీసులోకి వచ్చిన ప్రతివాడికీ అతను అన్నే.

శ్రీనివాస్ ఫోను అతని మొహం ముందు పెట్టాడు. పేజీకి తీసిన ఫోటో, ఏదో గ్రూపులోంచి ఇంకేదో గ్రూపులోకి వచ్చింది. "మరి గిదెట్ల పోయింది? చైతన్యపురి కాన్నుంచి ఎల్బీనగర్ దాక నీ లైనే గద?"

ఫోటోలో పేపరు పక్కన ఎర్ర గచ్చు, తులసి కుండీ అంచు కనబడుతున్నాయి. అది చక్రపాణిగారి బాల్కనీ. ఆ మాట చెబితే విసిరిన చెయ్యి తనదే అవుతుంది. విసిరిన చెయ్యి తనదైతే రేపు పిల్లరు కింద వేరేవాడు కూర్చుంటాడు.

"నాకేమెర్క అన్నా."

"నువ్వే ఇచ్చినవ్."

"నేనెందుకిస్త? ఒకామె గేటుకాడ నిలబడి బతిమాలినా ఇయ్యలే! ఒక్క కాపీ ఉన్నా సరే అన్నది. రాలేదనే చెప్పిన. కావాల్నంటే అడుగున్రి."

తన నిజాయితీకి సాక్ష్యం దొరికిందన్న ఉషారులో అన్నాడు ఆ మాట. శ్రీనివాస్ ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఎవరామె?"

"గామె... పైరూమ్ మేడమ్."

"ఏ ఇల్లు?"

చెప్పకుండా ఉండడానికి జంగయ్యకు ఏ దారీ తోచలేదు. ఇందిరాదేవి ఇల్లని చెప్పాడు. పేరు అడిగితే నిజంగానే తెలియదన్నాడు. శ్రీనివాస్ అరుస్తాడనుకున్నాడు, అరవలేదు. కింది నుంచి చాయ్ తెప్పించాడు.

"కూసో జంగన్నా. మోకాళ్ళు నొస్తయి గదా."

ఇన్నేళ్ళలో శ్రీనివాస్ అతన్ని కూర్చోమనడం ఇదే మొదలు. ఆ మర్యాద జంగయ్యకు ఏమాత్రం నచ్చలేదు. చాయ్ సగం తాగి, గ్లాసు కిటికీలో పెట్టి వచ్చేశాడు.

మధ్యాహ్నం కిష్టమ్మ హాస్టల్లో వంట ముగించుకుని ఇల్లు చేరేసరికి అతను గడప మీద కూర్చుని ఆ పేపరు చదువుతున్నాడు. జీవితమంతా పేపర్లు మోసినా, చదవడం ఎప్పుడూ హెడ్డింగులతో ఆగిపోయేది. ఈ రోజు వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. హైవే పక్కన కట్టబోయే పండ్ల కోల్డ్ స్టోరేజీల పని ప్రభుత్వం ఒక దుబాయ్ కంపెనీకి ఇచ్చిందట. ఆ కంపెనీ సగం కోడలి పేరున, సగం ఆమె తమ్ముడి పేరున ఉందట. దుబాయ్‌లో దాని ఆఫీసు అంటూ ఒక ఫోటో వేశారు: తాళం వేసిన తలుపు, పక్కన గోడకు బోర్డు కూడా లేదు.

"గా తలుపు ఫోటో ఎందుకేసిన్రు?" అంది కిష్టమ్మ, చేతులు తుడుచుకుంటూ.

"లోపల ఎవరు లేరని."

"ఎవరు రాసిన్రు గిదంత?"

జంగయ్య అడుగున చూశాడు. "తన్మయి అని ఉంది."

"ఆడిపిల్లనా! మస్తు ధైర్యం," అంది కిష్టమ్మ. "పెద్దసారు మనోళ్ళకు మంచే చేసిండు గానీ, గా ఇంట్లోళ్ళ జోలికి పోయిన పిల్ల ఎట్ల బతుకుతదో ఏమో."

జంగయ్య పేపరు మడిచి మళ్ళీ బనీనులో పెట్టుకున్నాడు. అన్నం సగంలోనే లేచాడు. కాస్త నడుం వాలుద్దామంటే నిద్ర రాలేదు. పొద్దు వాలకముందే మోపెడ్ తీశాడు.

ఇందిరాదేవి గేటు దగ్గరే ఉంది. అతన్ని చూడగానే పైట సర్దుకుని, రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది.

"మంచిగ ఒచ్చినవ్. రేపటి సంది పైకి పేపర్ బంద్ చెయ్యి. రెండు బంద్ చెయ్యి."

"ఏమైందమ్మా?"

"తన్మయి ఖాళీ చేసి పోయింది."

జంగయ్య బండి స్టాండు వెయ్యబోయి ఆగిపోయాడు. "ఎవలమ్మా తన్మయి?"

"ఎవరేంది? పైరూమ్ పిల్ల! వాళ్ళమ్మకు బాగలేదట, దవాఖానల ఏసిన్రట. మధ్యాహ్నం కారొచ్చింది, పోయింది."

"ఎవల కారమ్మా?"

"నాకెట్ల ఎర్కైతది?" ఆమె గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. వెంటనే తగ్గింది. "మేము దుకాణం నడుపుకునేటోళ్ళం జంగయ్యా. మమ్మల్ని ఏమడగకు. నువ్వు గూడ ఎవరినీ అడగకు."

బనీనులో పేపరు చెమటకు తడిసి పొట్టకు అంటుకుంది. ఇల్లు చూపించింది తనే. గేటు దగ్గర నిలబడి అడిగిందని, బతిమాలిందని చెప్పిందీ తనే. ఈ పొద్దు ఆమెకు లేదన్న ఆ ఒక్క కాపీ ఇచ్చి ఉంటే, దాన్ని పట్టుకుని ఎక్కడికైనా వెళ్ళి ఉండేదేమో. జంగయ్యకు ఏడుపు వచ్చింది. ఇందిరాదేవి ముందు ఏడవడం బాగుండదని మెట్ల వైపు నడిచాడు.

"పైకెందుకు?"

"పాత పేపర్లుంటే తీస్కపోత."

ఆమె ఆపలేదు. మెట్ల పక్క కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ ఎక్కాడు. ఈ ఇంట్లో అతను మెట్లెక్కడం ఇదే మొదటిసారి. ప్రతి మలుపులో ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. కింద హైవే మీద లారీల హారన్లు వినిపిస్తున్నాయి. ఆ పిల్లే ఉన్నట్టుండి తలుపు తీసి "బాబాయ్, మీరెందుకు ఎక్కారండి" అంటుందేమో అనిపించింది.

గదికి కొత్త తాళం వేసి ఉంది. కిటికీ లోపలి నుంచి మూసేశారు. డాబా మీద ఎండ ఇంకా పోలేదు. పాత పేపర్లేమీ లేవు. జంగయ్య తలుపు మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగాడు.

నల్లా కింద బక్కెట్లో పొద్దున నానబెట్టిన బట్టలు అలాగే ఉన్నాయి. సబ్బు నురగంతా విరిగిపోయింది, పసుపు కుర్తా చెయ్యొకటి అంచు మీదుగా బయటికి వేలాడుతూ సగందాకా ఎండిపోయింది.