గదిలో ఉన్నవాళ్ళ పేరు

మొక్కజొన్న రొట్టెకు పిండి కలుపుతుంటే మొదటి పాట వచ్చింది. చెయ్యి పిండిలో ఉండగానే పాడుకున్నాను. బల్ల దగ్గర నా మొగుడు డోర్సీ కాఫీ తాగుతూ గోళ్ళు తీసుకుంటున్నాడు. ఆ పాట కింద మొదట అతని పేరు పడింది, తర్వాత నాది. పాటలతో బతికే మా నాష్‌విల్ ఊళ్ళో ఆచారం అది. పాట పుట్టినప్పుడు గదిలో ఎవరుంటే వాళ్ళందరూ రాసినట్టే, ఒక్క మాట అందించకపోయినా సరే. తర్వాత పది పాటలకూ అతను గదిలోనే ఉన్నాడు. నేను గిటార్ తీస్తే చాలు, కుర్చీ లాక్కుని వచ్చి కూర్చునేవాడు. అంట్లు తోమేటప్పుడు మాత్రం ఆ ఛాయలకు వచ్చేవాడు కాదు. మా అత్త బ్యూలా అనేది, "మొగుడి పేరు ముందుంటే నీకేం అరిగిపోయిందే? చర్చిలో పెళ్ళి పుస్తకంలో ఎవరి పేరు ముందుంది?" అని. అరిగిపోయింది. ఎక్కడో చూపించలేక నవ్వేదాన్ని.

మార్చిలో ఒక రేడియో స్టేషన్‌లో అడిగారు, "మీ ఆయన పాటలు ఎలా కడతాడమ్మా?" అని.

"ఆయన కట్టడు. కూర్చుంటాడు," అన్నాను.

లోపల అందరూ పడీ పడీ నవ్వారు. బయట కారులో డోర్సీ వింటున్నాడు.

నేను కారెక్కబోతుంటే దిగి వచ్చి, నా ఎడమచెయ్యి పట్టుకుని తలుపు సందులో పెట్టాడు. అరవలేదు, తిట్టలేదు. ఒళ్ళంతా ఆనించి తలుపు వేశాడు. తీశాడు. మళ్ళీ వేశాడు. మూడు వేళ్ళు విరిగాయి. ఆ చప్పుడు నేను విన్నాను.

"ఇప్పుడు వాయించవే. ఇంకా నవ్వుతారు," అన్నాడు.

గాలికి తలుపు పడిందని డాక్టరుతో చెప్పాడు. నేనూ అదే చెప్పాను. అత్త కోడిపులుసు తెచ్చి పక్కన కూర్చుంది. "మీ మామ చేతిలో నాకు రెండు పళ్ళతో పోయింది. మా రోజుల్లో రేడియో లేదు గనక."

కట్టుతో గిటార్ పట్టలేను. అతను ఊళ్ళోకి వెళ్ళినప్పుడు, కుడిచేత్తో తొడ మీద దరువేసుకుంటూ ఆ తలుపు మీద పాట కట్టాను. ఇనుము, వేళ్ళు, రెండోసారి వేయడం, గాలి మీద నెట్టిన అబద్ధం, అన్నీ పెట్టాను. మనిషి పేరొక్కటే పెట్టలేదు.

పాటల కంపెనీ నడిపే రిగ్స్, నేను పాడి ఇచ్చిన టేపు రెండుసార్లు విన్నాడు. "ఇది దేశమంతా పాడుతుందమ్మాయ్," అని రాసినవాళ్ళ పేర్ల కాగితం నా ముందుకు తోశాడు.

గోడకానుకున్న డోర్సీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దీనికి నా పేరు వద్దు. కట్టినప్పుడు నేను గదిలో లేను."

"ఇదేం చోద్యమయ్యా! ఎప్పుడూ ముందు నీ పేరే కదా," అన్నాడు రిగ్స్.

ఇంటికి వెళితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. వెళ్ళకూడదని అప్పుడే అనుకున్నాను. కలం తీసుకున్నాను.

"కట్టినప్పుడు లేవు డోర్సీ. పుట్టినప్పుడు ఉన్నావు."

కాగితంలో అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, అతని పేరు రాశాను. రిగ్స్ ఆ పేరు చదివాడు. తర్వాత నా ఎడమచెయ్యి చూశాడు.