పెద్దల్లుడి మీసం

బస్సు అద్దంలో చూసుకుంటూ పెద్దల్లుడు మీసం దువ్వుకుంటున్నాడు. కుడి కొస చెప్పినట్టు విని పైకి లేచింది. ఎడమ కొస ఎప్పటిలాగే మొండికేసింది. ఆ దువ్వెన అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఒక పన్ను విరిగింది, వాడి వాడి అంచులు నునుపు తేలాయి. డిపోలో అతన్ని అందరూ మీసాలాయన అంటారు. ఇంట్లో మాత్రం పెద్దల్లుడు. చిన్నల్లుడంటూ ఒకడు వచ్చిన రోజునుంచి అతని మనసులో కూడా అదే పేరు.

చిన్నల్లుడు అతని భార్య చెల్లెలి మొగుడు. అదే డిపో, అదే డ్రైవరు పని. నోట్లో నాలుక లేని మనిషి. అత్తగారికి అతనంటే ప్రాణం. ఇద్దరల్లుళ్ళూ కలిసి భోజనానికి కూర్చుంటే మొదటి వడ్డన చిన్నవాడికే. పెద్దవాడికి కడుపు నిండేది కాదు, మండేది. "ఏం బాబూ, సరిపోయిందా?" అని ఆవిడ చివర్లో అడిగితే, "బ్రహ్మాండంగా ఉందత్తయ్యా" అనేవాడు. లోపల ఒకటి పెట్టుకుని బయటికి ఇంకొకటి చెప్పడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

జ్వరం ఇంకా ఊళ్ళోకి రాలేదు. సముద్రం అవతల జనాన్ని పడగొడుతోందనీ, ఓడల్లో వచ్చి తీరుతుందనీ రేడియో రోజూ చెబుతోంది. ఆ ఉదయం ట్రిప్పులో దారిపొడుగునా దాని కోసం సర్దుళ్ళే కనబడ్డాయి. మందుల షాపువాడు గుమ్మం ముందు సుద్దతో గళ్ళు గీస్తున్నాడు, మనిషికో గడి. బట్టలు కుట్టే కంపెనీ సగంమందిని పొద్దున, సగంమందిని సాయంత్రం రమ్మని బోర్డు పెట్టింది. బస్సు కిటికీలు మూసే వీల్లేకుండా మేకులు కొట్టేశారు. చలేస్తోందని గొణిగిన ముసలాయనతో కండక్టరు, "వచ్చేదానికంటే ఈ చలే నయం తాతా" అన్నాడు.

ఇంట్లోనూ అదే హడావిడి. ఎవరికైనా జ్వరమొస్తే విడిగా పడుకోబెట్టడానికి వెనకగది ఖాళీ చెయ్యమని ఆరోగ్య కార్యకర్త చెప్పి వెళ్ళింది. పెద్దవాళ్ళు ఎవరి దగ్గర ఉండాలో ఇప్పుడే తేల్చుకోండి, తర్వాత అటూ ఇటూ తిప్పకండి అని కూడా అంది. అత్తగారు క్షణమైనా ఆలోచించలేదు. "చిన్నవాడి దగ్గరుంటానే. మెత్తని మనిషి" అందట. ఆవిడ తమ ఇంటికి వస్తుందని పెద్దల్లుడు అప్పటికే కొత్త దుప్పటి కొని బీరువా అడుగున పెట్టాడు. దాని సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం డ్రైవర్లందరినీ విశ్రాంతి గదిలోకి పిలిచారు. రేవులో దిగే జ్వరం మనుషుల్ని ఆసుపత్రికి చేర్చడానికి ఒక బస్సు పక్కన పెట్టారట. దానికి ఒక్క డ్రైవరు కావాలి. అతను వేసుకోవాల్సిన నారింజరంగు కోటు గోడకు వేలాడుతోంది. పెద్దల్లుడు దాన్ని ఒకసారి చూశాడు, చిన్నల్లుడు దాన్ని చూస్తున్నాడేమోనని రెండుసార్లు చూశాడు.

నర్సు బిగుతైన మాస్కులు పంచింది. ఒక్కొక్కరి తలమీద అద్దంలాంటి ముసుగు వేసి లోపలికి చేదు మందు చల్లుతుందట. మాస్కు సరిగ్గా కూర్చుంటే రుచే తెలియదు. చేదు తగిలితే గాలి దూరుతున్నట్టు. గాలి దూరితే జ్వరమూ దూరుతుంది.

"మీసంతో కుదరదు బాబాయ్" అంది నర్సు. "అంచు కింద వెంట్రుకలుంటే అతుక్కోదు."

అందరూ నవ్వారు. చిన్నల్లుడు నవ్వలేదు. "పోనీలే అన్నయ్యా, మీసం ఎందుకు పాడుచేసుకుంటావ్? నేను వెళ్తాలే" అన్నాడు.

ఇదీ నీకే కావాలిరా, అనుకున్నాడు పెద్దల్లుడు. ఎవరి దగ్గరో రేజరు అడిగి తీసుకుని వాష్‌బేసిన్ దగ్గరికి నడిచాడు. దువ్వెన అరమీద పెట్టాడు. ముందు ఎడమ కొస తీశాడు, తర్వాత కుడిది. పెళ్ళినాటి నుంచీ ఎండ తగలని పైపెదవి పాలిపోయి, ఎవరో పరాయివాడిదిలా బయటపడింది. దవడ పళ్ళు ఊడి చాలాకాలమైంది. మీసం లేకపోయేసరికి బుగ్గల గుంటలు ఇంకా లోతుగా కనబడ్డాయి.

తిరిగొచ్చేసరికి చిన్నల్లుడు ముసుగు కింద ఉన్నాడు. "చేదుగా ఉంది సిస్టర్" అన్నాడు, పసిపిల్లాడిలా ముఖం పెట్టి. మాస్కు మార్చి చూశారు. మళ్ళీ చేదే. "నాది సన్నమొహం" అంటూ లేచి వెళ్ళి బల్లమీద కూర్చున్నాడు. పెద్దల్లుడు జీవితంలో మొదటిసారి అతన్ని చూసి జాలిపడ్డాడు. ఆ జాలి ఎంతో బాగుంది.

తన వంతు వచ్చింది. మందు చల్లగానే బుగ్గ గుంట పక్కనుంచి చేదు లోపలికి జొరబడి నాలుక మొదటికంటా దిగింది.

"ఏమైనా తెలుస్తోందా బాబాయ్?"

ముసుగులోంచి గోడమీది కోటు మసగ్గా కనబడుతోంది. దాని కింద బల్లమీద చిన్నల్లుడు. మింగలేక, కక్కలేక ఒక్క క్షణం ఆగాడు. మింగేశాడు.

"ఏం తెలీట్లేదమ్మా."

"నిజంగానే?"

"నిజంగానే."

సాయంత్రం కోటు తొడుక్కునే భార్యతో కలిసి చిన్నల్లుడి ఇంటికి వెళ్ళాడు. మరదలు అతని పైపెదవి చూసి ముక్కున వేలేసుకుంది. అత్తగారు మాత్రం కోటునే చూసింది. "డిపో మొత్తానికి మా పెద్దల్లుడే పనికొచ్చాడమ్మా. గట్టివాడు!" అని పక్కింటావిడను కేకేసి మరీ చెప్పింది. ఆ పూట మొదటి వడ్డన అతనికే. "సరిపోయిందా బాబూ?" అని అడిగితే, "బ్రహ్మాండంగా ఉందత్తయ్యా" అన్నాడు. ఆ మాట ఆ ఒక్కరోజు నిజం. తెచ్చిన దుప్పటి ఆవిడ మంచంమీద పెట్టాడు. వెళ్ళేముందు చిన్నల్లుడి ముఖంలో అసూయ కోసం వెతికాడు. రవ్వంత కూడా కనబడలేదు. అదొక్కటే అతనికి లోటనిపించింది.

ఓడలు వచ్చాయి. నారింజరంగు కోటు రేవుకీ ఆసుపత్రికీ చాలాసార్లు తిరిగింది. ఒక ఉదయం ఆ బస్సును వేరే డిపో మనిషి తోలుకొచ్చాడు. పెద్దల్లుణ్ణి ఇంటికి పంపలేదు, అందరూ ఆసుపత్రి గేటు బయటినుంచే కడసారి చూశారు. అత్తగారు కొత్త దుప్పటి కప్పుకుని వచ్చి నిలబడింది. మాస్కు అతని ముఖానికి సరిగ్గా కూర్చుంది కదా, జ్వరం ఎలా దూరిందని నర్సు చిన్నల్లుణ్ణి అడిగింది. అతనికేం తెలుసు?

డిపోలో వాష్‌బేసిన్ పైన, అరమీద ఆ చిన్న దువ్వెన అలాగే ఉంది. విరిగిన పన్ను పక్క సందులో ఒక వెంట్రుక ఉంది, కొస నల్లగా, మొదలు తెల్లగా.