ఆ గుండె ఎవరిది

రెండు చొక్కాలు, తువ్వాలు, కట్టుడు పళ్ల డబ్బా, ఆయన తలకింద తప్ప ఇంకెవరి తలకిందా ఇమడని దిండు. భర్తని ఆసుపత్రిలో చేర్చడానికి ఆమె సంచి సర్దుతోంది. ఇలా సర్ది పంపినవాళ్లలో కొందరు తిరిగి రాలేదని ఆమెకు తెలుసు.

"నాన్నని మంచం దిగనివ్వకమ్మా!" ఫోనులో కూతురు కేకలేస్తోంది. "నాన్న వాచీ నుంచి నాకు కబురొచ్చింది. గుండె లయ తప్పి కొట్టుకుంటోందట. డాక్టరు వెంటనే చేర్చమన్నాడు."

ఆయన గుండెమీద చెయ్యేసుకుని పడుకున్నాడు. నిజం వాళ్లిద్దరికే తెలుసు. నెలరోజులుగా ఆ వాచీ ఆయన చేతికి లేదు.

రోజూ నడవమని కూతురు కొనిచ్చిన వాచీ అది. ఎన్ని అడుగులు వేశాడో కూతురి ఫోనులో కనబడుతుంది. ఆయనకేమో నడకంటే బద్ధకం. "నువ్వెలాగూ పొద్దస్తమానం కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటావు, కాస్త పెట్టుకో" అని ఆమె మణికట్టుకి తొడిగాడు. ఆమె ఊడ్చింది, తుడిచింది, తడిబట్టల బకెట్టు మేడ మీదికి మోసింది. "నాన్న భలే నడుస్తున్నాడే!" అని కూతురు మురిసిపోతే ఆయన మీసం దువ్వుకున్నాడు. మెట్లెక్కుతుంటే ఊపిరి అందడం లేదని ఆమె అంటే మాత్రం, "ఇంటిపట్టున ఉండేదానివి, నీకేం రోగం?" అన్నాడు.

ఫోను పెట్టేశాక "అది నా చేతికుంది కదండీ" అంది మెల్లగా.

"ష్! ఇప్పుడు చెబితే అమ్మాయి ముందు నా పరువేం కాను? డాక్టరు చూసి ఏమీ లేదంటాడు, గొడవ వదిలిపోతుంది."

నలభై ఏళ్లుగా ఆయన పరువు మోసిన మనిషి. సంచి కూడా భుజానికి తగిలించుకుంది.

ఆసుపత్రిలో ఆయనకి మంచం, ఒంటినిండా తీగలు. ఆమెకి స్టూలు. మందులకి కిందికి, రిపోర్టులకి పైకి, వేణ్ణీళ్లకి మళ్లీ కిందికి. "ఏంటి బామ్మగారూ, అలా చెమటలు పట్టాయి?" అని నర్సు అడిగితే, "మెట్లమ్మా" అంది. లోపల ఏదో పట్టుబడ్డ పిట్టలా కొట్టుకుంటోంది. చెబితే ఆయన నవ్వులపాలవుతాడు. చెప్పకపోతే? భయపడేముందు కూడా, తన భయం వల్ల ఎవరికి ఇబ్బందో చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

మర్నాడు డాక్టరు కాగితాలు తిరగేసి నవ్వాడు. "పెద్దాయనా, మీ గుండె గుండ్రాయిలా ఉంది. యంత్రమే పొరబడింది. ఇంటికెళ్లొచ్చు."

"నే చెప్పలా? ఈ కాలపు వస్తువులింతే." ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు. "ఏమే, సర్దు మరి."

ఆమె సర్దలేదు. "యంత్రం పొరబడలేదు డాక్టరుగారూ. అది చూసింది నా గుండెని" అంది.

ఆయన ముఖం మాడిపోయింది. "దీనికి మతిపోయింది" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఆయన లేచిన మంచం మీదే, దుప్పటైనా మార్చకముందే, వెళ్లి పడుకుంది.

తీగలు అతికించిన కాసేపటికి డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. "నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చాడు. ఆమె మళ్లీ ఆ ఇంటికి రాలేదు. గురువారం మధ్యాహ్నం పోయింది.