శ్యాంబాబు ఫారం

మా రెండు వీధుల్లో ఎవరి ఒంట్లో ఏముందో వాళ్ళకంటే ముందు నాకే తెలుసని నాకో పొగరు ఉండేది. బందరులో ఒక నర్సింగ్ హోమ్‌లో ఇరవై రెండేళ్ళు నర్సుగా చేసి, మా ఆయన పోయాక సొంతూరు వచ్చేశాను. నాగాయలంకకు నాలుగు కిలోమీటర్లు మా ఊరు. ఇంజెక్షన్ అన్నా నేనే, కట్టు మార్చాలన్నా నేనే, బీపీ చూడాలన్నా నేనే. హెప్సిబా చెయ్యి తగిలితే సగం జబ్బు పోతుందని అనేవాళ్ళు. అలా అన్నప్పుడల్లా అబ్బే అనేదాన్ని గానీ, లోపల ఎంత పొంగిపోయేదాన్నో ఆ దేవుడికే తెలుసు.

పోయిన మార్చిలో హైదరాబాద్ నుంచి వర్షిణి అని ఒక డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పెద్ద నగరాల్లోనూ చిన్న ఊళ్ళలోనూ మనుషుల టెన్షన్‌లో తేడా ఏమిటి, ఆ తేడా బీపీ మీదా గుండె మీదా ఎలా పడుతుంది అని వాళ్ళ సంస్థ లెక్కలు తీస్తోందట. ఈ ఊరి మనిషి ఒకరు తోడు కావాలని అడిగితే అందరూ నా ఇల్లు చూపించారు.

"దీనికోసం ఇంత దూరం రావాలా తల్లీ? ఫోన్ చేసి అడిగితే నేనే చెప్పేదాన్ని గదా. మీకు టెన్షను, మాకు గాలి" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నలభై ఫారాలు, ఒక కొత్త బీపీ మిషను చేతిలో పెట్టింది. ఫారానికి ఇరవై ప్రశ్నలు. ప్రతి ప్రశ్న పక్కనా జవాబు రాసే చోటు, దాని పక్కన ఒక చిన్న గడి. ఆ గడి మీద 'అడగలేదు' అని అచ్చువేసి ఉంది.

"మనిషి దొరకకపోతే, అడగడం కుదరకపోతే ఇక్కడ టిక్కు పెట్టండి హెప్సిబా గారూ. మీకు తెలిసినా మీరు మాత్రం రాయొద్దు. ఖాళీగా ఉన్నా మాకు పర్వాలేదు. ఇంకొకటి, పై నంబరు నూట ఎనభై దాటితే అక్కణ్ణుంచే నాకు ఫోన్ చెయ్యండి. బండి పంపిస్తాను" అంది.

సరేనన్నాను. లోపల మాత్రం, నాకు తెలియంది అడిగితే గదా అనుకున్నాను.

పది రోజులు తిరిగాను. మా ఊళ్ళో మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ఏదైనా అడగడం దేవుడి తరం కూడా కాదు. ఒకరి అరుగు మీద ఫారం తీస్తే నలుగురు చేరేవాళ్ళు. "గత నెలలో మనసు దిగులుగా ఉందా?" అని నేను అడిగితే, ఆ మనిషి నోరు తెరవకముందే పక్కావిడ అందుకునేది. "దానికేం దిగులే! చేపల పులుసు పెట్టుకుని రెండు పూటలా తింటంది." అందరూ నవ్వేవాళ్ళు. ఆ మనిషీ నవ్వేది. నేను 'లేదు' అని రాసేదాన్ని. రాత్రి నిద్ర పడుతోందా అంటే, "మా ఇంటిదాకా వినపడతది ఆయన గురక" అని ఎదురింటాయన చెప్పేవాడు. నలుగురి ముందు నాకు నిద్ర పట్టడం లేదని ఎవరంటారు? నేను మాత్రం మా ఊరు ఎంత చల్లగా ఉందో అని మురిసిపోతూ రాసుకుంటూ పోయాను.

పద్నాలుగో ప్రశ్న ఒకటుంది. "కష్టం వస్తే మీరు ముందుగా ఎవరిని పిలుస్తారు?" దానికి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. "ఇంకెవరు, శ్యాంబాబే." వెంకటరత్నమ్మ గారికి ముగ్గురు అన్నదమ్ములు, పదెకరాల మాగాణి. ఆవిడ కూడా అదే మాట. "మా వాళ్ళకి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నామంటారు హెప్సిబా. శ్యాంబాబు అయితే వచ్చి గుమ్మంలో నిలబడతాడు" అంది. మా సంఘపెద్ద జకరయ్య మావయ్య అయితే, ఆ ప్రశ్న ఎందుకు పెట్టారని నన్నే ఎదురడిగాడు.

శ్యాంబాబు నా తమ్ముడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఆటో నడుపుతాడు. ఆటో అనడమే గానీ, బాడుగ తక్కువ, తోడు ఎక్కువ. కాన్పుకి తీసుకెళ్ళాలన్నా వాడే, శవాన్ని ఇంటికి తేవాలన్నా వాడే, రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఆఫీసు చుట్టూ తిరగాలన్నా వాడే. అన్నం ముందు కూర్చున్నా ఎడం చేతిలో ఫోన్ ఉండేది. "కాసేపు ఆపెయ్యొచ్చు గదరా" అని వాడి భార్య కుమారి అంటే, "ఆపితే ఇంటికే వస్తారే, అదింకా కష్టం" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఫోన్ మోగినప్పుడల్లా వాడు ఉలిక్కిపడటం నేను చూడకపోలేదు. చూశాను, అది వాడి అలవాటు అనుకున్నాను.

శనివారం సాయంత్రం నాలుగింటికి వర్షిణి ఫారాలు తీసుకెళ్ళాలి. మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది శ్యాంబాబుది. ఇంట్లో మనిషే గదా, ఎప్పుడైనా అయిపోతుందని ఆఖరికి ఉంచాను. చూస్తే వాడు లేడు. తెల్లారే వెంకటరత్నమ్మ గారిని గుడివాడలో కంటి డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకెళ్ళాడట. మూడున్నర దాకా చూశాను. ఎండ, చిరాకు. సరే, నా తమ్ముడి సంగతి నాకు తెలియదా అని పెన్ను తీశాను. దిగులు లేదు. నిద్ర బాగా పడుతుంది. తలనొప్పి లేదు. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగి, గర్వంగానే 'అక్క హెప్సిబా' అని రాశాను. బీపీ నూట ఇరవై ఎనిమిది, ఎనభై నాలుగు. అంతకు ముందు క్రిస్మస్‌కి సరదాగా చూసినప్పుడు అంతే ఉన్నట్టు గుర్తు. ఇరవై గడులుండీ ఒక్కదాంట్లో టిక్కు పెట్టలేదు నేను. పెడితే నాకు నామోషీ మరి.

వర్షిణి వచ్చి ఫారాలూ మిషనూ పట్టుకెళ్ళింది. ఆరింటికి శ్యాంబాబు వచ్చి నా అరుగు మీద కూలబడ్డాడు.

"అక్కా, నాది కూడా చూడవా. అందరికీ చూశావంట గదా. పొద్దుట్నుంచీ తల వెనక పట్టేసినట్టుంది."

నా పాత మిషను లోపల అల్మారాలోనే ఉంది. పది అడుగులు నడిచి తెస్తే అయిపోయేది. పొయ్యి మీద కూర ఉంది, పది రోజులు తిరిగిన కాళ్ళు పీకుతున్నాయి.

"నీది రాసేశాన్లేరా. నూట ఇరవై ఎనిమిది. ఏ ఢోకా లేదు. ఎండన పడి ఆ ముసలావిడతో తిరిగితే తల పట్టెయ్యక ఏమవుద్ది? మజ్జిగ తాగి పడుకో."

"చూడకుండానే రాసేశావా! డాక్టర్లని మించిపోయావే అక్కా" అని నవ్వాడు. మజ్జిగ తాగాడు. ఇంకేదో అనబోయాడు, ఫోన్ మోగింది. "ఆ, వస్తన్నా, వస్తన్నానండీ" అంటూ లేచి వెళ్ళిపోయాడు. ఏం అనబోయాడో నాకిప్పటికీ తెలియదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి సెంటర్‌లో ఎవరిదో బియ్యం బస్తా ఆటోలోకి ఎత్తుతూ పడిపోయాడు. జనం పోగయ్యారు. వీధి చివర ఉన్న జకరయ్య మావయ్యకి, సెంటర్‌లో ఎవరో పడిపోయారన్న మాట మాత్రం చేరింది. ఆయన చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది. శ్యాంబాబు నంబరు నొక్కాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి నేల మీద పడి ఉన్న నా తమ్ముడి చొక్కా జేబులో ఫోన్ మోగుతోంది. చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. వాడు లేకపోతే ఏం చెయ్యాలో మా ఊరికి తెలియదు.

ఎవరో కుర్రాళ్ళు వాడి ఆటోలోనే అవనిగడ్డ ఆసుపత్రి దాకా తీసుకెళ్ళారు. అక్కడ చూస్తే పై నంబరు రెండొందల ముప్పై. అంబులెన్స్‌లో బందరు తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. నలభై మూడేళ్ళు. అయ్యో దేవుడా, నలభై మూడేళ్ళు.

శవం పక్కన కూర్చుని కుమారి నా చేతులు పట్టుకుంది. "శనివారం అక్క చూసింది, బాగానే ఉందంట అని చెప్పాడు వదినా. రెండు రోజుల్లో అంత ఎట్టా పెరిగింది?" అని అడిగింది. దాన్ని కంగారు పెట్టడం ఎందుకని వాడు అలా చెప్పుంటాడు. చూడలేదే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "టైమొచ్చిందమ్మా" అన్నాను. నర్సుగా పనిచేసిన నోటితో అన్న మాట అది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ముప్పై తొమ్మిది గుమ్మాలు ఎక్కి దిగిన దాన్ని, నా అరుగు మీదికొచ్చి అడిగిన వాణ్ణి పంపించేశాను.

మూడు నెలల తరవాత వర్షిణి మళ్ళీ వచ్చింది. శ్యాంబాబు సంగతి ఫోన్‌లోనే విన్నది, మనిషిని పలకరించి వెళ్దామని వచ్చింది. కుమారి కూడా నా ఇంట్లోనే ఉంది. టీ ఇచ్చి గడప దగ్గర కూర్చుంది.

"సిటీ వాళ్ళ ఫారాలకీ మీవాటికీ చాలా తేడా వచ్చింది ఆంటీ" అంది వర్షిణి. "అక్కడ పద్నాలుగో ప్రశ్నకి సగం మంది ఎవరూ లేరనే రాశారు. మా అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు నాకే తెలియదు. కాకపోతే మా ఆఫీసులో ఏడాదికోసారి అందరికీ పరీక్షలు చేస్తారు, అట్లా నా బీపీ బయటపడింది. మీ దగ్గర మాత్రం ముప్పై తొమ్మిది మందిలో ముప్పై ఒక్కరు ఒకే పేరు చెప్పారు. ఇలాంటిది మేం ఎక్కడా చూడలేదు."

కుమారి ముఖం మూడు నెలల్లో మొదటిసారి వెలిగింది. "మరి ఆయనెవరి పేరు చెప్పాడమ్మా?"

వర్షిణి సంచిలోంచి ఫారాల కట్ట తీసి వెతికింది. "అక్క హెప్సిబా, అని ఉంది."

కుమారి ఘొల్లుమంది. వచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నీ పేరే చెప్పాడా వదినా. అంత నమ్మకం నువ్వంటే." ఆ తడి నా చేతికి తగిలేసరికి ఇంక నావల్ల కాలేదు.

"వాడు చెప్పలేదే. నేనే రాశాను. అన్నీ నేనే రాశాను. బీపీ కూడా చూడలేదు."

కుమారి నా చెయ్యి వదిలేసింది. విసిరికొట్టలేదు, వదిలేసింది.

"ఆ సాయంత్రం కూడా చూళ్ళేదా?"

"అడిగాడే. నేనే చూడలేదు."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. అది అలా గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. వర్షిణి గొంతు సవరించుకుంది. "ఈ ఫారం తీసెయ్యాలి ఆంటీ. లేదా కొత్తది రాయాలి. నేను అప్పుడే చెప్పాను గదా, ఖాళీగా ఉన్నా పర్వాలేదని" అంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా సిగ్గేసింది.

సిటీలో ఎవరో ఏమిటో తెలియక అడగరు. మేం తెలుసు గదా అని అడగం. నేను తెలుసుకున్న తేడా ఇంతే, ఇది తెలుసుకోవడానికి నా తమ్ముణ్ణి ఇచ్చుకున్నాను.

వర్షిణి సంచిలోంచి తీసిచ్చిన ఖాళీ ఫారం మీద పైన శ్యాంబాబు అని పేరు రాశాను. మొదటి ప్రశ్న దగ్గర 'అడగలేదు' గడిలో టిక్కు పెట్టబోతుంటే కుమారి అంది, "చదువు వదినా."

"మీ జవాబులు లెక్కలోకి రావమ్మా" అంది వర్షిణి మెల్లగా.

"రాకపోతే పోనీండి. చదువు."

చదివాను. "రాత్రి నిద్ర పడుతోందా?"

"పట్టేది కాదు. ఎవరన్నా పిలుస్తారేమో అని ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకునేవాడు."

"తలనొప్పి?"

"పండక్కి ముందునుంచీ ఉంది. అమృతాంజనం సీసా వారానికొకటి అయిపోయేది. ఆటో పొగవల్ల అనేవాడు."

"మనసు దిగులుగా ఉందా?"

"ఒకసారి ఆటోలో కూర్చుని ఏడుస్తుంటే చూశాను. కంట్లో నలక పడిందన్నాడు. ఊరందరి నలకలూ తీసే మనిషి గదా, నేనూ నమ్మేశాను."

ఒక్కోటి చదువుతూ పోయాను. ఒక్కోదానికీ చెబుతూ పోయింది. దానికి ఇన్ని తెలుసని నాకు తెలియదు. నేను దాన్నీ ఏనాడూ అడగలేదు. పద్నాలుగో ప్రశ్న వచ్చింది. అదీ చదివాను.

"కష్టం వస్తే మీరు ముందుగా ఎవరిని పిలుస్తారు?"

వీధిలో ఎవరిదో ఆటో వెళ్తుంటే కుమారి అటు చూసి, మళ్ళీ ఫారం వైపు తిరిగింది.

"తెలీదు వదినా. నేను కూడా అడగలేదు."

పెన్ను పట్టుకుని ఆ గడిలో టిక్కు పెట్టాను.