నాలుగో మెషీను ఖాళీ

నేను ఒక పెన్‌డ్రైవ్‌ను. బొటనవేలంత ఉంటాను. ఏ దేశపు కార్ఖానాలో పుట్టానో నాకే తెలియదు. కరీంనగర్ బస్టాండు ఎదుటి కంప్యూటర్ దుకాణంలో అట్టకు అతుక్కుని వేలాడుతుంటే కోమల వచ్చి కొనుక్కుంది. ముందే చెప్పేస్తున్నాను, గొప్పలు చెప్పుకోవడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఒక తప్పులో నాకూ పాలుంది. చేసింది వేరొకరు, మోసింది నేను. మోసినందుకు పాపం అంటదని ఎవరైనా ఓదార్చినా నాకు నమ్మకం లేదు.

కోమల ప్రభుత్వాసుపత్రి డయాలిసిస్ వార్డులో కాంట్రాక్టు ఆపరేటరు. ఏ రోగి ఏ పూట వచ్చాడు, ఏ మెషీను దగ్గర పడుకున్నాడు అని రిజిస్టరులో రాసి, దాన్నే మళ్లీ కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. ఎనిమిదేళ్లు అదే చేసింది. జిల్లా ఆఫీసులో సిస్టమ్స్ పోస్టు ఒకటి రాబోతోందని, దానికి ఐ.టి.లో పీజీ తప్పనిసరి అని తెలిసి, ఆదివారాలు క్లాసులు పెట్టే ఒక ప్రైవేటు కాలేజీలో ఎం.ఎస్సీ.కి చేరింది. అదే బ్యాచ్‌లో జలంధర్ కూడా చేరాడు. అతను ఆ కాలేజీ ల్యాబ్ అసిస్టెంటు. పదకొండేళ్లుగా కంప్యూటర్లు ఆన్ చేసి, ఆఫ్ చేసి, ఎలుకలు కొరికిన వైర్లు మార్చిన మనిషి. పీజీ అయితే లెక్చరర్‌ను చేస్తామని యాజమాన్యం మాటిచ్చింది.

జలంధర్ చెడ్డవాడై ఉంటే నాకు ఈ కథ చెప్పడం సులువయ్యేది. కానీ కాదు. కోమలకు ఇంట్లో కంప్యూటర్ లేదని సెలవుల్లో కూడా ల్యాబు తాళం తీసేవాడు. ఆమె 'అన్నా' అనేది, అతను 'చెల్లె' అనేవాడు.

చివరి సెమిస్టరులో ప్రాజెక్టు చెయ్యాలి. కోమల తన వార్డునే ప్రాజెక్టుగా తీసుకుంది. పల్లెల నుంచి పొద్దున్నే వచ్చిన రోగులు మెషీను ఖాళీ లేక సాయంత్రం దాకా బెంచీల మీద వాలిపోయి ఉండేవారు. ఎవరు ఎప్పుడు రావాలో, ఏ మెషీను దగ్గరికి వెళ్లాలో ముందే ఫోనుకు మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టింది. ఆమె నాయన రాజమల్లు కూడా ఆ రోగుల్లో ఒకడు. కిటికీ పక్కన నాలుగో మెషీను ఆయనది. పని సగంలో ఉండగా ఆయన పోయాడు. మర్నాడే వార్డువాళ్లు ఆ మెషీను ఇంకొకరికి ఇచ్చారు, అది తప్పదు. కోమల మాత్రం తన సాఫ్ట్‌వేర్‌లో నాలుగును ఎవరికీ ఇవ్వలేదు. ఎన్నిసార్లు నడిపినా మూడు తర్వాత ఐదే వచ్చేది.

ల్యాబు కంప్యూటర్లు ఆపితే చాలు, వాటిలో దాచినవన్నీ చెరిగిపోతాయి. అందుకని ఆమె కష్టమంతా, తేదీలతో సహా, నాలోనే ఉండేది. ప్రింటు తీసి, బైండింగు చేయించి, సీడీ రాయించమని కోమల నన్ను జలంధర్ చేతికిచ్చింది. బ్యాచ్ అంతటికీ ఆ పనులు చేసిపెట్టేది అతనే. అందరి పనులూ చేస్తూ తన ప్రాజెక్టు మొదలే పెట్టలేదు.

ముందు ఫార్మాట్ చూద్దామని తెరిచాడు. తర్వాత మొదటి అధ్యాయం వరకే అనుకున్నాడు. ఆ తర్వాత అంతా కాపీ చేసుకుని, కోమల పేరున్న ప్రతిచోటా ఒక్క నొక్కుతో తన పేరు పెట్టేశాడు. మనుషుల ఇంట్లో దొంగలు పడితే బీరువా ఖాళీ అవుతుంది. నాలోంచి ఎంత దొంగిలించినా నాలో ఏమీ తగ్గదు. అరవడానికి నాకు నోరు లేదు సరే, కనీసం మొరాయించాల్సింది. మా జాతి అప్పుడప్పుడూ మొరాయిస్తుంది కదా. ఆ రోజు నేను బుద్ధిగా పనిచేశాను. కోమలకు ఆమె రిపోర్టూ సీడీ అందాయి, నేను మాత్రం అతని దగ్గరే ఉండిపోయాను.

జలంధర్ ధీమాకు కారణముంది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్లు రిపోర్టు మందం చూస్తారు, బైండింగు మీది బంగారు అక్షరాలు చూస్తారు, రెండు ప్రశ్నలడిగి టీ తాగుతారు. పైగా రెండు గదులు, ఇద్దరు ఎగ్జామినర్లు అన్నారు, రెండు ప్రాజెక్టులూ ఒక్కరి కంటే పడవనుకున్నాడు. ఆ రోజు ఒకరు రాలేదు. ఉన్న ఒక్కరూ అందరినీ వరుసగా పిలిచారు.

జలంధర్ ముందు వెళ్లాడు. సాఫ్ట్‌వేర్ బాగుందన్నారు. "నాలుగో మెషీను ఎందుకు ఖాళీగా ఉంది?" అని అడిగారు. జలంధర్ తడుముకుని, "రిపేర్ల ఉంది సార్" అన్నాడు. వాస్తవానికి దగ్గరగా ఉందని మెచ్చుకుని పాస్ చేశారు.

గంట తర్వాత కోమల వంతు. జలంధర్ ప్రొజెక్టర్ పక్కనే ఉన్నాడు, అది అతని డ్యూటీ. ఆమె సీడీ పెట్టగానే తెర మీద అదే సాఫ్ట్‌వేర్ వచ్చింది. "రిపేరులో ఉన్న మెషీనును కూడా వదలకుండా కాపీ కొట్టావేమ్మా" అన్నారు ఎగ్జామినరు.

"నేనే చేసిన సార్. నా పెన్‌డ్రైవ్‌ల తారీకులతో సహా ఉంది" అంది కోమల. జలంధర్ వైపు తిరిగింది. "అన్నా, నా పెన్‌డ్రైవ్ యాడుంది?"

"యాడనో పడిపోయింది చెల్లె" అన్నాడు.

అప్పుడు నేను అతని చొక్కా జేబులోనే ఉన్నాను. అతని గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకు తెలుసు. కోమలను ఫెయిల్ చేశారు. ఆ ఏడాది సిస్టమ్స్ పోస్టులో ఇంకెవరో చేరారు.

జలంధర్ లెక్చరరయ్యాడు. నన్ను పారేయలేదు, వాడుకోనూ లేదు. ఈ చొక్కా జేబులోంచి ఆ చొక్కా జేబులోకి మారుస్తూ ఏడాది మోశాడు. తర్వాత అతని విద్యార్థులు ప్రాజెక్టులు తెచ్చారు. ప్రతి రిపోర్టు మొదటి పేజీలో 'ఇది విద్యార్థి స్వయంగా చేసినదని ధ్రువీకరిస్తున్నాను' అని ఉంటుంది, కింద గైడ్ సంతకం పెట్టాలి. మొదటిదాని మీద పెన్ను పెట్టి, సంతకం చేయకుండానే లేచాడు. నేరుగా డయాలిసిస్ వార్డుకు వెళ్లాడు.

కోమల పాత కుర్చీలోనే కూర్చుని రిజిస్టరు రాస్తోంది. అతను నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "పడిపోలే చెల్లె. నా దగ్గర్నే ఉండె."

"నాకు ఎరుకే అన్నా. నీకు గాక ఎవలకిచ్చిన దాన్ని?" అంది తలెత్తకుండా. "నువ్వే వచ్చి చెప్తవని ఏడాది సంది చూస్తున్న."

నన్ను తన కంప్యూటర్‌కు పెట్టింది. ఎక్కడ ఏముందో వెతుక్కోకుండానే కోడ్‌లో ఒక చోటికి వెళ్లి, తెరను అతని వైపు తిప్పింది. మెషీన్ల నంబర్ల పక్కన, కంప్యూటర్ పట్టించుకోకుండా దాటిపోయే ఒక వాక్యం రాసి ఉంది. 'ఇది మా నాయన మెషీను. ఎవలకీ ఇయ్యొద్దు.'

"ఇది నీ సీడీల గూడ ఉంటది. సదువలేదా అన్నా?"

చదవలేదు. ఆ కోడ్‌తోనే పట్టా పుచ్చుకున్నాడు. ఎగ్జామినరూ చదవలేదు. అంతమంది ఐ.టి. చదువరుల్లో ఆ ఒక్క ముక్కా చదివినవాడు లేడు. జలంధర్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు చెప్తే నీకు ఆ పోస్టు అస్తదా చెల్లె?"

"రాదు."

"నా నౌకరి పోతది."

"పోతది కావచ్చు" అంది కోమల. నన్ను ఊడదీసి అతని చేతిలో పెట్టింది. "అయినా చెప్పు."

ఇప్పుడు నేను ప్రిన్సిపాల్ బల్ల మీద, ఒక కవరులో ఉన్నాను. నాతోపాటు ఒక పేజీ ఉత్తరం ఉంది. కొట్టివేతలున్నాయి, అక్షరాలు వంకరపోయాయి. రెండేళ్ల పీజీ మొత్తానికి జలంధర్ సొంతంగా రాసింది ఆ ఒక్క పేజీయే.