ఓనరుగారి పాస్‌వర్డ్

మా అపార్టుమెంటు డాబాకి తాళం వేయాలా వద్దా అని ఆ ఆదివారం ఓటింగు పెట్టారు. ఊరికే తాళం కాదు. డాబా మీద రేకుల షెడ్డు వేసి, అందులో ప్రెసిడెంటుగారి బావమరిది జిమ్ము పెట్టుకుంటాడట. అందరి ఆరోగ్యం కోసమేనని నోటీసులో రాశారు. ఆ బావమరిది పొట్ట చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మలేదు గానీ, నమ్మలేదని పైకి అన్నవాళ్ళూ లేరు.

నాకు ఆ డాబా కావాలి. బట్టలారేయడానికని ఇంట్లో చెబుతాను. బట్టలారేయడం ఎంతసేపు? ఆ తర్వాత నీళ్ళ ట్యాంకు నీడలో పిట్టగోడకి ఆనుకుని కూర్చుంటాను. "నా రెండో సాక్సు ఏదీ?" అన్న మా వారి కేక అక్కడికి వినపడదు. ఇంట్లో నాకు అలాంటి చోటు ఇంకోటి లేదు. స్నానాల గది తలుపు అవతల నిలబడి కూడా సాక్సు గురించే అడుగుతారు. మా అత్తయ్యకీ డాబా కావాలి. మోకాలి ఆపరేషను అయ్యాక డాక్టరు రోజూ నడవమన్నాడు. రోడ్డు మీద నడిస్తే రెండో మోకాలికీ ఆపరేషను తప్పదని, లిఫ్టెక్కి పైకొచ్చి పిట్టగోడ పట్టుకుని నడుస్తుంది.

ఫ్లాటుకి ఒక ఓటు. అసోసియేషను వెబ్‌సైటులో ఓనరు లాగిన్ అయి వేయాలి. సాయంత్రం ఆరింటి వరకు గడువు. మా ఫ్లాటుకి ఓనర్ని నేనే. దీని వెనక గొప్ప ప్రేమకథేమీ లేదు. రిజిస్ట్రేషను నాడు మా వారు ఆఫీసు పని మీద ఊళ్ళో లేరు. తేదీ మారిస్తే బ్యాంకువాళ్ళు మళ్ళీ మొదటికొస్తారని నా పేరు మీద కానిచ్చేశారు. అప్పట్నుంచీ ఆయనకి మనసు బాగున్నప్పుడల్లా, "ఓనరుగారూ, కాఫీ!" అంటుంటారు.

అయితే ఓనరుగారికి తన పాస్‌వర్డే తెలియదు. ఖాతా తెరిచింది ఆయన. పాస్‌వర్డ్ పెట్టింది ఆయన. దాన్ని గుర్తుపెట్టుకున్నది ఆయన ల్యాప్‌టాప్‌లోని బ్రౌజరు. సైటు తెరవగానే నా పేరూ, దాని కింద వరసగా నల్ల చుక్కలూ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి.

భోజనాలయ్యాక ఆయన పక్కన చేరాను.

"ఏమండీ, ఆ ల్యాప్‌టాప్ ఇలా ఇవ్వండి. ఓటేస్తాను."

"నీకెందుకు శ్రమ? నేను వేసేస్తాగా."

"ఏమని?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "షెడ్డుకి సరేనని. ప్రెసిడెంటుకి మాటిచ్చేశాను. పార్కింగు విషయంలో మనకెంత సాయం చేశాడు!"

ఆ సాయమేమిటంటే, తన కారుని మా కారుకి అడ్డంగా పెట్టడం మానేయడం.

"మాటిచ్చింది మీరు. ఓటు నాది."

"నీది నాది ఏమిటే? ఇద్దరిదీ ఒకటే కదా!"

"అయితే వద్దని వేయండి. ఇద్దరిదీ ఒకటేగా."

ఎదురు సోఫాలో కాళ్ళు చాపుకున్న అత్తయ్య కిసుక్కున నవ్వింది. తల్లి నవ్వితే ఆయనకి పౌరుషం వస్తుంది. ల్యాప్‌టాప్ తీసి నా ఒళ్ళో పెట్టారు.

"వేసుకో. సైటు తెరిస్తే చాలు, అదే లోపలికి తీసుకెళ్తుంది. ఆరింటి దాకా ఓటు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. నువ్వు లేచి వెళ్ళాక నేను మార్చుకుంటాను."

దొంగచాటుగా కాదు, మొహం మీదే చెప్పారు. నేనూ మొహం మీదే చెప్పాను. "అయితే ముందు పాస్‌వర్డ్ మారుస్తాను."

"మార్చు. కొత్తది పెట్టాలంటే పాతది అడుగుతుంది. పాతది నాకే గుర్తులేదు."

"మీ బ్రౌజరుకి గుర్తుందిగా."

సెట్టింగులు తెరిచాను. పాస్‌వర్డుల పేజీ వచ్చింది. మా సంసారమంతా అక్కడ వరసగా నిలబడి ఉంది: కరెంటు, గ్యాసు, పిల్ల స్కూలు, అత్తయ్య పింఛను, చివర్లో మా అసోసియేషను. నా పేరున్న వరస మీద నొక్కితే పక్కనే చిన్న కన్ను బొమ్మ. కన్ను మీద నొక్కాను. ల్యాప్‌టాప్ పిన్ అడిగింది.

"ఆఁ, అదీ సంగతి!" అని మా వారు కాలు మీద కాలు వేసుకున్నారు. "అది నా ఒక్కడికే తెలుసు."

మా వారికో అలవాటుంది. ఏ అంకెలు టైపు చేసినా పైకి చదువుతారు. ఓటీపీ అయినా అంతే, బ్యాంకు పిన్ అయినా అంతే. ఏటీఎంలో ఆయన వెనక నిలబడ్డవాళ్ళు మర్యాదకి చెవులు మూసుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ ల్యాప్‌టాప్ పిన్ రోజూ పొద్దున్నే మా ఇంట్లో సుప్రభాతంలా వినిపిస్తుంది.

టైపు చేయడం మొదలుపెట్టాను. మధ్యలో ఒక్క క్షణం ఆగానో లేదో, "తర్వాత రెండు సున్నాలమ్మాయ్" అంది అత్తయ్య.

ఆయన కాలు మీంచి కాలు దిగింది.

చుక్కలు విడిపోయి అక్షరాలయ్యాయి. నా పేరు మీదున్న ఇంటికి, నా పేరు మీదున్న ఖాతాకి పాస్‌వర్డ్ ఏమిటయ్యా అంటే, మా వారు పెళ్ళికి ముందు నడిపిన మోటారుసైకిలు నంబరు.

"గుర్తులేదన్నారు?"

"నంబరు గుర్తుంది. దాన్నే పెట్టానని గుర్తులేదు."

"నా పింఛనుకేం పెట్టాడో చూడు" అంటూ అత్తయ్య లేచి వచ్చి నా భుజం మీంచి తొంగి చూసింది. అక్కడా మోటారుసైకిలే.

"ఒరేయ్, ఆ బండి మీద నన్ను ఒక్కనాడైనా ఎక్కించుకున్నావురా? ఇప్పుడు నా పింఛనుని ఎక్కించావా?"

"అమ్మా, నువ్వుండు" అని ఆయన నా వైపు తిరిగారు. "ఇదిగో, నువ్వు కూడా ఆలోచించు. రేపు లిఫ్టులో ఆయన ఎదురైతే నా పరువేం కావాలి?"

"మెట్లు దిగి వెళ్ళండి. జిమ్ముతో పని ఉండదు."

పాతది వేశాను. కొత్తది, నా తలలో తప్ప ఎక్కడా లేనిది, రెండుసార్లు వేశాను, పెదవి కదపకుండా. ఖాతాలో ఉన్న ఫోను నంబరూ ఆయనదే. దాన్నీ మార్చి నాది పెట్టాను. కొత్త పాస్‌వర్డ్‌ని దాచిపెట్టమంటారా అని బ్రౌజరు వినయంగా అడిగింది. వద్దని చెప్పాను. అప్పుడు ఓటు పేజీ తెరిచి, షెడ్డు వద్దని వేసి, లాగవుట్ అయి, ల్యాప్‌టాప్ ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన ఊరుకోలేదు. సైటు తెరిచారు. చుక్కలు అలవాటు ప్రకారం వచ్చి కూర్చున్నాయి. నొక్కారు. తప్పంది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ తప్పంది.

అంతలో మా వారి ఫోను మోగింది. ప్రెసిడెంటుగారు. ఓట్లు పడ్డవి పడ్డట్టు ఆయనకి కనిపిస్తాయి కాబోలు. ఫోను అందుకుని స్పీకరు నొక్కాను.

"ఏంటి బాస్, మీ ఓటు వద్దని పడింది? వేలు జారిందా? త్వరగా మార్చేయండి."

"జారలేదండీ. ఫ్లాటు ఓనర్ని మాట్లాడుతున్నాను. చూసే నొక్కాను."

అవతల గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"చెల్లెమ్మా, ఒకసారి వారికివ్వండి."

"వారికి లాగిన్ లేదండీ."

"అది కాదమ్మా... ఇలా ప్రతి ఇంట్లోనూ ఓనరే ఓటేస్తానంటూ మొదలుపెడితే ఎలా? సగం ఫ్లాట్లు ఆడవాళ్ళ పేరు మీదే ఉన్నాయి!"

ఆ సంగతి నాకు తెలియదు. ఆయన దగ్గర అందరి పత్రాలూ ఉంటాయి కనక ఆయనకి తెలుసు.

"సగమాండీ?" అన్నాను. "చాలా థాంక్సండీ" అని ఫోను పెట్టేశాను.

మా వారు నా మొహం చూసి కంగారుపడ్డారు. "ఎక్కడికి?"

"కిందికి. ఆరింటికి ఇంకా టైముంది."

"వాళ్ళిళ్ళల్లో గొడవలు పెడతావా?"

"పెట్టను. పాస్‌వర్డ్ ఎలా చూసుకోవాలో చెప్తాను. గొడవ పడాలో వద్దో వాళ్ళిష్టం."

చెప్పులేసుకుంటుంటే గుమ్మం బయట చేతికర్ర చప్పుడైంది. అత్తయ్య అప్పటికే లిఫ్టు మీట నొక్కేసింది.

మొదటి తలుపు కింది అంతస్తులోని టీచరుగారిది. ఆవిడే తీసింది, చేతిలో దిద్దుతున్న పేపర్లతో.

"ఏంటి వదినా, అత్తాకోడళ్ళు ఇద్దరూ వచ్చారు?"

"ఏం లేదు వదినా" అన్నాను. "మీ ఫ్లాటు ఎవరి పేరు మీదుంది?"