త్రినాథరావు గారి క్యారేజీ

హరిణి రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి పులుసు పెట్టేది. మొగుడు శ్రీకృష్ణ కోసం కాదు, తన కోసం అసలే కాదు. ఫిల్మ్ నగర్లో ఏసీ ఆఫీసులో కూర్చుని, పన్నెండున్నర కాగానే "ఏమోయ్ కృష్ణా, క్యారేజీ వచ్చిందా?" అని అడిగే నిర్మాత త్రినాథరావు గారి కోసం. రెండేళ్ళుగా ఇదే వరస. అన్నం, పప్పు, కూర, పులుసు నాలుగు గిన్నెల్లో సర్ది, పాత తువ్వాలు చుట్టి, శ్రీకృష్ణ బైక్ హ్యాండిల్‌కి తగిలించేసరికి ఏడున్నరయ్యేది. ఎనిమిదింటికి సందు చివరికి ఆమె ఆఫీసు క్యాబ్ వచ్చేది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం ఆమెది. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో ఇంకెవరికీ కనపడని తప్పులు పట్టుకోవడం పని. ఆ పనిలో ఆమెని మించినవాళ్ళు లేరని టీమంతా చెప్పుకునేవాళ్ళు. కృష్ణానగర్‌లో ఆ రెండు గదుల ఇల్లు నడిచేది కూడా ఆ జీతం మీదే.

శ్రీకృష్ణ దర్శకుడు కావాలని భీమవరం నుంచి వచ్చినవాడు. ఎనిమిదేళ్ళు వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా అసిస్టెంటుగా ఎండలో మాడి, చివరికి సొంత కథ చంకలో పెట్టుకుని త్రినాథరావు ముందు కూర్చున్నాడు. మొదటి సిట్టింగులో ఫస్టాఫ్ చెప్పడం అయ్యేసరికి భోజనాల వేళయింది. హోటల్ బిర్యానీ పొట్లం విప్పబోతూ త్రినాథరావు ముక్కు ఎగబీల్చాడు.

"ఆ డబ్బాలో ఏంటయ్యా?"

"ముక్కల పులుసండీ. మా ఆవిడ పెట్టింది."

ఆయన నాలుగు ముద్దలు తిని కళ్ళు మూసుకున్నాడు. పోయిన తల్లి గుర్తొచ్చిందో, కథ వినకుండా తప్పించుకునే దారి దొరికిందో మనం చెప్పలేం. "రేపు కూడా పట్రా. సెకండాఫ్ మీద కూర్చుందాం" అన్నాడు.

సినిమావాళ్ళుండే కృష్ణానగర్ గదుల్లో ఒక నమ్మకం ఉంది. నిర్మాత అడిగి మరీ మనింటి క్యారేజీ తిన్నాడంటే సినిమా ఓకే అయినట్టేనని. ఫలానా దర్శకుడికి అలాగే అయిందని, ఇంకొకాయనకి చేపల వేపుడుతో అయిందని కథలు కథలుగా చెప్పుకుంటారు. మిగతా ఊళ్ళో ఇంకెక్కడా ఇలాంటి తెలివితక్కువ మాట చెల్లదు. ఇక్కడ మాత్రం పెళ్ళాం చేతి వంటని కథతో పాటు ఫైల్లో పెట్టి ఇచ్చే మగాళ్ళున్నారు. ఆ రోజు శ్రీకృష్ణ ఎగురుకుంటూ ఇంటికొచ్చి హరిణిని ఎత్తి తిప్పాడు. "తిన్నాడే! అడిగి తిన్నాడు!"

అప్పటినుంచి త్రినాథరావు తింటూనే ఉన్నాడు. సుష్టుగా తిని, సోఫాలో జారగిలబడి, "ఊఁ, చెప్పు" అనేవాడు. హీరో ఊరొదిలే సీను దగ్గర గురక వచ్చేది. రెండేళ్ళలో కథ ఇంటర్వెల్ దాటలేదు. పాపం, ఆయన చెడ్డవాడేం కాదు. అరవడు, తిట్టడు, కనపడగానే భుజం మీద చెయ్యేస్తాడు. లేదు అనే మాట ఆయన నోట్లోంచి రాదు, అంతే. అలాంటివాడి వాకిట్లో మనిషి జీవితాంతం నిలబడగలడు.

హరిణి నిలబడింది దేనికో కూడా చెప్పాలి. ఆమెకి బిడ్డ కావాలి. ముప్పై మూడు నిండాయి. సినిమా ఓకే అయ్యాకే పిల్లలు అని శ్రీకృష్ణ పెళ్ళైన కొత్తలోనే షరతు పెట్టాడు. క్యారేజీ మొదలైన ఏడాదే ఆమెకి నెల తప్పింది. "ఇప్పుడా? సరిగ్గా ఇప్పుడేనా? నువ్వు మంచాన పడితే క్యారేజీ ఎవరు కడతారే?" అన్నాడతను. అన్నాక తనకే బాగోలేదనిపించి, కన్నీళ్ళు పెట్టుకుని, కాళ్ళు పట్టుకుని ఒప్పించి, మరుసటి గురువారం తనే నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్ళాడు. శుక్రవారం ఒక్కరోజు క్యారేజీ వెళ్ళలేదు. శనివారం వెళ్ళింది.

ఇప్పుడు మళ్ళీ మూడో నెల. ఈసారి ఆమె చెప్పలేదు. పోపు వాసనకి కడుపులో తిప్పుతుంటే, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంకాయల్లో కారం కూరుతూ రోజులు నెట్టుకొచ్చింది. సినిమా ఓకే అయిన రోజున చెబుతుంది. ఆ రోజు చెబితే అతను ఎత్తి తిప్పుతాడు. ఒకవేళ ఆ రోజు రాకముందే పొట్ట కనపడితే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చీర కుచ్చెళ్ళు కాస్త వదులు చేసుకునేది.

ఒకరోజు శ్రీకృష్ణకి జ్వరం వస్తే ఆఫీసుకి సెలవు పెట్టి క్యారేజీ తనే తీసుకెళ్ళింది. ఫిల్మ్ నగర్ ఆఫీసులో నర్సింహ అని యాభై ఏళ్ళ అటెండరు ఉంటాడు, బోరబండ నుంచి వస్తాడు. గిన్నెలు అందుకుని ఆమె మొహంలోకి చూసి, గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకమ్మా, ఒక మాట జెప్త. సారు పులుసొక్కటే తింటడు. మిగిలింది బయట కుక్కకేస్తం. కథ కాయితాలు ఆ బీరువ మీదనే ఉన్నయి, జూడు. ఎన్నడు ముట్టిండో నేనైతే జూడలె."

బీరువా మీద ఫైలు ఉంది. దాని మీద ఎవరో పెట్టిన టీ కప్పు ముద్ర గుండ్రంగా ఎండిపోయి ఉంది. హరిణి ఇంటికొచ్చి ఆ మాట చెబితే శ్రీకృష్ణ జ్వరంలోనే లేచి కూర్చున్నాడు. "అటెండరు మాటలు పట్టుకొచ్చావా? నన్ను నమ్మే ఒక్క మనిషి ఆయన. నువ్వు కూడా నమ్మట్లేదని ఇప్పుడు తెలిసింది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమే వెళ్ళి బతిమాలింది. మర్నాడు పులుసులో రెండు మునక్కాడలు ఎక్కువ వేసింది.

ఆ తర్వాతి బుధవారం ఫోనొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం జూబ్లీ హిల్స్‌లో భోజనం, భార్యతో సహా రావాలి, శుభవార్త ఉందని త్రినాథరావు స్వయంగా పిలిచాడు. శ్రీకృష్ణ కొత్త చొక్కా కొన్నాడు. ఈ పదేళ్ళలో తనని ఎగతాళి చేసినవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. హరిణి బీరువాలోంచి పెళ్ళినాటి కనకాంబరం రంగు చీర తీసింది. బైక్ మీద వెనక కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన నోటివెంట సినిమా అన్న మాట రాగానే చెప్పేద్దాం, అక్కడే, అందరిముందూ చెప్పేద్దాం అనుకుంది. ఎన్నాళ్ళకో ఆమెకి సంతోషంగా ఉంది.

రోడ్డు పక్క మేడ మీద కొత్త హోటలు. ఇంకా తెరవలేదు, సున్నం వాసన పోలేదు. గోడలకి ఇత్తడి గరిటెలు, చేటలు, ఒక విసుర్రాయి. వంటగదికి ఒకవైపు అంతా అద్దం, లోపల వండేది బయట తినేవాళ్ళకి కనపడేలాగ. త్రినాథరావు ఎదురొచ్చి శ్రీకృష్ణ భుజం మీద చెయ్యేశాడు.

"రావయ్యా! రామ్మా! ఎలా ఉంది మన హోటలు?"

"మనదేనా సార్!" అన్నాడు శ్రీకృష్ణ. ఆ 'మన'కే అతని కళ్ళు చెమర్చాయి.

అరిటాకులు వేశారు. ముద్దపప్పు, నెయ్యి, కంది పచ్చడి, పులుసు వచ్చాయి. త్రినాథరావు పులుసు నోట్లో పెట్టుకుని మొహం ముడిచాడు.

"చూశావామ్మా? స్టార్ హోటల్లో పాతికేళ్ళు చేసిన మనిషి, రఘునందన్ అని, వంటకి పెట్టాను. వాడికి ఈ ఒక్క పులుసు కుదరట్లేదు. హైటెక్ సిటీ పిల్లలు పిజ్జాలు తిని తిని విసిగిపోయారు. ఆదివారమొస్తే పప్పూ, పులుసూ దొరికే చోటుకి క్యూలు కడుతున్నారు. తల్లులు ఊళ్ళో, వీళ్ళిక్కడ. నాకు ఈ ఐడియా ఎక్కడ వచ్చిందనుకున్నావు? నీ క్యారేజీలోనే! సినిమాలకి ఓ దండం పెట్టేశానమ్మా. ఇకమీదట ఇదే."

శ్రీకృష్ణ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. "మరి... మన సినిమా, సార్?"

"ఎక్కడికి పోతుందయ్యా! ఇది నిలదొక్కుకోనీ. ఆ తర్వాత మళ్ళీ తీస్తే నీ కథే మొదటిది. సెకండాఫ్ మీద మాత్రం కూర్చోవాలి." ఆయన హరిణి వైపు తిరిగాడు. "నువ్వు ఆ కంపెనీ మానెయ్యమ్మా. వంటగది నీ చేతిలో పెడతా. ఒక్క ఏడాది. అద్దంలోంచి జనం చూస్తుంటే నువ్వు పులుసు పెడుతుంటావు. ఇంటి మనిషి వండినట్టుంటుంది."

రెండేళ్ళ పాటు కట్టిన కోట కూలితే ఏ మగాడైనా కాసేపు మాట పడిపోయి కూర్చుంటాడు. శ్రీకృష్ణకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అతని మొహం మళ్ళీ వెలగడం హరిణి కళ్ళారా చూసింది.

"మానేస్తుంది సార్. రేపే రిజైన్ చేస్తుంది. ఏడాది ఎంతలో గడుస్తుంది, ఏం హరిణీ?"

ఆమెని అడగలేదు, చెప్పాడు. తనెవరి మీద ఆశ పెట్టుకుందో, ఎన్ని పొద్దులు ఎవరికోసం లేచిందో తలుచుకుంటే ఆమెకి ఒక్కసారిగా అసహ్యమేసింది. అతని మీద కంటే తన మీదే ఎక్కువ. అయినా ఇంకొక్కసారి, ఆఖరుసారి, అతను మనిషిలా మాట్లాడతాడేమోనని అడిగి చూడాలనిపించింది.

"నాకు మూడో నెలండీ" అంది, త్రినాథరావుని చూస్తూ, మొగుడికి వినపడేలాగ. "పొయ్యి దగ్గర అంతసేపు నిలబడలేను."

త్రినాథరావు "అలాగా! మంచి మాట చెప్పావమ్మా!" అని నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తికాకముందే శ్రీకృష్ణ అందుకున్నాడు.

"అది మేం చూసుకుంటాంలెండి సార్. మీరేం ఆలోచించకండి. పోయినసారి కూడా ఒక్కరోజే కదా క్యారేజీ రానిది."

లేదు అనడం తెలియని త్రినాథరావు ఆకు వైపు తల దించుకుని అప్పడం తుంపసాగాడు. పోయినసారి క్యారేజీ ఎందుకు రాలేదో ఆయనకి ఇప్పుడు తెలిసింది. ఆయన సిగ్గుపడ్డాడనే అనుకోవాలి. కానీ అప్పడం పారెయ్యలేదు, నమిలాడు. శ్రీకృష్ణకి తనేమన్నాడో కూడా తెలియలేదు. పులుసు కలుపుకుంటున్నాడు.

అప్పుడు వంటగదిలోంచి రఘునందన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. "అమ్మా, ఒక్కసారి లోపలికి వచ్చి చూపిస్తారా? బెల్లం దగ్గర నాకు పొరపాటు జరుగుతోంది" అని అడిగాడు.

"ఈయన్ని తీసుకెళ్ళండి" అంది హరిణి. "రెండేళ్ళు మోశారు. ఈయనకే బాగా తెలుసు."

ఎవరైనా అందులో విషం ఉందని పసిగడతారు. శ్రీకృష్ణ పసిగట్టలేదు. నిర్మాత ముందు పనికొచ్చే అవకాశం ఏది దొరికినా వదిలే రకం కాదతను. "నేను చెప్తాను రండి సార్" అని ఎడమ చేత్తో కొత్త చొక్కా సర్దుకుంటూ లేచి, చెయ్యి కడుక్కుని రఘునందన్ వెంట లోపలికి నడిచాడు.

హరిణి విస్తరి ముందు నుంచి లేచింది. సంచీ తీసుకుంది. "వస్తానండీ" అంటే త్రినాథరావు తలెత్తకుండానే "మంచిదమ్మా" అన్నాడు. ఆమె గుమ్మం దాటుతుండగా వంటగది తలుపు తెరుచుకుంది.

"హరిణీ, బెల్లం ఎప్పుడు వేస్తావే? ముక్కలు ఉడికాకా, ముందా?"

ఆమె వెనక్కి తిరిగింది. సంచీ చూశాడు. చెప్పులు వేసుకున్న కాళ్ళు చూశాడు. మొహం చూశాడు. అంతా చూశాడు, అందులో సందేహం లేదు.

"నేను వెళ్ళిపోతున్నాను కృష్ణా" అంది. "మనింటికి కాదు. బిడ్డని కనడానికి వెళ్తున్నాను."

చెప్పి మెట్లు దిగింది. మెట్ల మలుపు దగ్గర కిటికీలోంచి వంటగది అద్దం కనపడుతుంది. అక్కడ ఆగింది. ఆగకుండా ఉండాల్సింది, కానీ ఆగింది. పదేళ్ళ కాపురం, ఒక్క నిమిషం ఆగకపోతే ఎలా అనుకుందో ఏమో. అతను వస్తాడని ఆ క్షణంలో కూడా ఆమె ఎదురుచూసింది.

అద్దం వెనక శ్రీకృష్ణ కాసేపు తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రఘునందన్ ఏదో అడిగాడు. శ్రీకృష్ణ పొయ్యి వైపు తిరిగి, గరిటెతో పులుసు చేతిలో వేసుకుని నాకి, తల పంకించి, బెల్లం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

హరిణి కిందికి దిగి ఆటో ఆపింది.